అడక్కుండా మొక్కిన మొక్కు

ఆ కొబ్బరి మట్ట ఇటు లాగమ్మా, మంట తగ్గుతోంది. పొగ నా వైపే వస్తే రానీ, నాకు అలవాటే. పంతొమ్మిదో ఏట వచ్చాను ఈ ఊరికి. ఎనభై నాలుగు నిండాయి. ఆ రోజుల్లో డిసెంబరు నెల తెల్లారుజామున మల్లేశ్వరంలో నోరు తెరిస్తే ఆవిరి కనిపించేది. ఇప్పుడు ఆ చలి లేదు, ఆ చెట్లూ లేవు. అయినా పండగ ముందు రోజుల్లో ఇట్లా పెరట్లో నాలుగు పుల్లలు వేసుకుని కూర్చోకపోతే నాకు క్రిస్మసు వచ్చినట్టే ఉండదు.

పొద్దున నువ్వు అడిగిన మాటకు నేను జవాబు చెప్పలేదు. "పిలుపు అని ఎట్లా తెలుస్తుంది తాతయ్యా" అన్నావు. మీ నాన్న పేపరు మడిచి లేచి వెళ్లిపోయాడు. ఇప్పుడు వాడూ ఇక్కడే ఉన్నాడు కాబట్టి చెబుతాను. వినాల్సింది నువ్వొక్కదానివే కాదు.

మాది ఫిరంగిపురం పక్క పల్లె. మీ తరం వాళ్లు ఒకటి రెండు సార్లు కారులో వెళ్లి చూసొచ్చారు గానీ, ఆ ఊరు కారులోంచి చూసేది కాదు. మిరప చేలో నిలబడి చూడాలి. ఎటు నుంచి చూసినా బాల యేసు దేవాలయం కనిపించేది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మిల్ హిల్ సభకు చెందిన డీక్‌మన్ స్వాములోరు కట్టించిన గుడి అది. కొండ మీద కార్మెల్ మాత. జూలై 16న తిరునాళ్లకు బళ్లు కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. సాయంత్రం గుడి గంట మోగితే మా నాన్న ఎడ్లను ఆపి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, త్రికాల జపం చెప్పుకునేవాడు. పక్క చేలో హిందూ రైతు కూడా ఆ గంట వినే ఎడ్లు విప్పేవాడు. గడియారం ఏ ఇంట్లోనూ ఉండేది కాదు.

రాత్రి అన్నాలు కాకముందే జపమాల. లాంతరు సన్నగా తగ్గించి గూట్లో పెట్టేవాళ్లు, కిరసనాయిలు ఆదా. అమ్మ గోనెపట్టా మీద మోకాళ్లు వేసేది. మేం ఐదుగురం పిల్లలం గోడకు ఆనుకోకూడదు, అది ఇంటి చట్టం. మూడో దేవరహస్యం దగ్గరికి వచ్చేసరికి మా చిన్నవాడు తూగి ముందుకు పడేవాడు, అమ్మ మంగళవార్త జపం ఆపకుండానే వాణ్ణి చేత్తో పట్టుకుని ఒళ్లోకి లాక్కునేది. చివర్లో చచ్చినవాళ్ల కోసం ఒకటి, వానల కోసం ఒకటి, అన్నిటికంటే ఆఖర్న "మన ఇంట్లోంచి ఒక బిడ్డను నీ సేవకు తీసుకో తండ్రీ" అని ఒకటి. ఆ మాట అన్నప్పుడు అమ్మ కళ్లు తెరిచి నా వంక చూసేది. మిగతా నలుగురి వంక చూసేది కాదు. ఎందుకో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

నాకు నాలుగేళ్లప్పుడు టైఫాయిడు వచ్చిందట. ఇరవై రోజులు ఒళ్లు కాలిపోయిందట. గుంటూరులో మఠకన్యల ఆస్పత్రికి ఎత్తుకెళ్లారు. 1904లో హాలండు నుంచి వచ్చిన జేఎమ్‌జే సిస్టర్లు వాళ్లు. మా అమ్మకు వాళ్ల తెల్ల బట్టలంటే గుడి వెలిగినంత నమ్మకం. బతకడం కష్టమని మా బంధువులంతా అనుకున్నారు. ఆ రాత్రి అమ్మ ఆస్పత్రి వరండాలో కూర్చుని గుణదల మాతకు మొక్కుకుంది, వీణ్ణి నాకు మిగిలిస్తే వీణ్ణి నీ కుమారుడికే ఇచ్చేస్తాను అని. అర్లాటి స్వాములోరు 1924లో గుణదలలో మాత స్వరూపం నిలబెట్టిన నాటి నుంచీ మన కృష్ణా గుంటూరు జిల్లాల తల్లులు ఆ కొండకు మొక్కని మొక్కు లేదు. తలనీలాలు, కొవ్వొత్తులు, పిల్లలకు మేరీ, జోజి అని పేర్లు. మా అమ్మ మొక్కింది మాత్రం నా బతుకు మొత్తం.

జ్వరం తగ్గింది. నేను బతికాను. ఆ మొక్కు సంగతి నాకు చెప్పలేదు. ఊళ్లో మాత్రం అందరికీ చెప్పింది.

ఇది విను, ఇది ముఖ్యం. నేను గురువిద్యాలయానికి వెళ్లకముందే మా అమ్మకు ఊళ్లో "సామి తల్లి" అని పేరు వచ్చింది. గుడిలో ఆడవాళ్ల వైపు ముందు చాప మీద ఆమెకు చోటు వదిలేవాళ్లు. పండక్కి ఎవరింట్లో అరిసెలు వండినా "సామికి" అని నాకో రెండు. పదమూడో ఏట, 1954లో, చిన్న గురువిద్యాలయానికి వెళ్లేటప్పుడు ఊరు ఊరంతా స్టేషనుకు వచ్చింది. పదమూడేళ్ల పిల్లవాడికి అంతమంది దండలు వేస్తే వాడు తన మనసులోకి తాను ఎట్లా చూసుకుంటాడమ్మా? నాకు భక్తి లేదని కాదు. ఉంది. పీఠం దగ్గర సేవ చేస్తుంటే ఒళ్లు జలదరించేది. కానీ అది నాదా, మా అమ్మదా, ఊరిదా అని విడదీసి చూసుకునే తెలివి రాలేదు.

1960లో పెద్ద గురువిద్యాలయానికి బెంగుళూరు పంపించారు. మీటరు గేజి బండిలో గుంతకల్లు మీదుగా, రేకు పెట్టె, పరుపు చుట్ట, అమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి జాడీ. మల్లేశ్వరంలో ఉంది కదా పునీత పేతురు గురువిద్యాలయం, అదే. ఫ్రెంచి స్వాములు పాండిచ్చేరి నుంచి 1934లో ఇక్కడికి మార్చారు దాన్ని. పాఠాలు లాటినులో. రాత్రి ప్రార్థన అయ్యాక మర్నాడు పూజ అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. మొదట్లో ఆ మౌనం నన్ను భయపెట్టింది. ఆర్నెల్లు పోయాక అదే నాకు ఇష్టమైన సమయం అయింది. మా ఇంట్లో అంతమంది మధ్య పెరిగినవాణ్ణి, నా గొంతు నాకు వినిపించడం అదే మొదటిసారి.

అప్పట్లో ఈ బెంగుళూరు అగ్రపీఠాధిపతి ఎవరనుకున్నావు? మనవాడే. గుంటూరు సీమ వాడు, పోతకమూరి తోమాసు గారు. 1940లో గుంటూరుకు మేత్రాణులు అయ్యారు. రెండేళ్లకే, 1942లో, బెంగుళూరుకు పంపారు. 1953లో ఇది అగ్రపీఠం అయినప్పుడు మొదటి అగ్రపీఠాధిపతి ఆయనే. 1968 దాకా ఆ పదవిలో ఆయనే. నువ్వు ఎప్పుడూ చెబుతావే సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ, అది 1963లో మొదలైంది కూడా ఆయన హయాంలోనే. గుడిలో దూరం నుంచి ఆయన్ని చూసినప్పుడల్లా నా పక్కన ఉన్న తమిళ కుర్రవాడికి "మా ఊరి వైపు వారు" అని చెప్పుకుని పొంగిపోయేవాణ్ణి. మా అమ్మకు ఉత్తరంలో రాస్తే ఆమె ఆ ఉత్తరాన్ని ఊరంతా చదివించింది. కన్నడ దేశంలో తెలుగు మేత్రాణులు ఉన్నారంటే, రేపు నా కొడుకు కూడా, అని ఆమె లెక్క.

నా లెక్క మాత్రం కుదరడం లేదు.

ఆదివారాలు మమ్మల్ని ఊళ్లో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పడానికి పంపేవాళ్లు. ఒక తెలుగు మేస్త్రీ ఇంటికి వెళ్లేవాణ్ణి. ఒకటే గది. భార్య సంగటి కెలుకుతూ ఉండేది, అతను సిమెంటు అంటిన చేతులతోనే చిన్నపిల్లకు సిలువ గుర్తు వేయడం నేర్పేవాడు. ఆ పిల్ల కుడి చెయ్యికి బదులు ఎడమ చెయ్యి ఎత్తేది, అతను మళ్లీ మార్చేవాడు. మళ్లీ ఎడమ. మళ్లీ మార్చేవాడు. విసుగు లేదు. నేను పుస్తకం తెరిచి చెప్పడానికి వచ్చింది అక్కడ అప్పటికే జరుగుతోంది. గురువిద్యాలయానికి తిరిగి నడుస్తూ ఉంటే నాకు ఒక రకమైన నెమ్మది ఉండేది. గురుపట్టం గురించి ప్రార్థించడానికి కూర్చుంటే మాత్రం ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉండేది.

ఆధ్యాత్మిక గురువు ఒక ముసలి ఫ్రెంచి స్వామి. ఆయనకు చెప్పాను. నేను వెంటనే వెళ్లిపోతానంటే వద్దన్నాడు. పునీత లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన నియమం ఒకటి చెప్పాడు: మనసు ఎండిపోయి, చీకటిగా, దిగులుగా ఉన్నప్పుడు ఇంతకుముందు చేసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదు. ముందు వెలుతురు రానివ్వాలి. ఆ వెలుతురులో కూడా అదే తోస్తే అప్పుడు నమ్మాలి. తపస్కాలం మొత్తం ఆగాను. పాస్కా పండగ వచ్చింది. మనసు తేలికపడింది, ప్రార్థన తియ్యగా ఉంది, లాటిను పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. వెళ్లిపోవడానికి ఒక్క కారణం లేదు. ఆ సంతోషంలో కూర్చుని అడిగితే, అప్పుడు కూడా అదే వచ్చింది: నీ చోటు ఇది కాదు. దిగులు లేకుండా, కోపం లేకుండా వచ్చింది. అప్పుడు నమ్మాను.

1962 జూన్‌లో తెల్ల అంగీ మడిచి ఇచ్చేశాను. ఆ ముసలి స్వామి గేటుదాకా వచ్చాడు. నువ్వు పిలుపు వదులుకుని పోవడం లేదు, పిలిచినవాణ్ణే అడుగుతూ పోతున్నావు, అన్నాడు. ఆ మాట పట్టుకునే బతికాను చాలా కాలం.

ఊరికి వెళ్లలేకపోయాను. ఉత్తరం రాశాను. మా నాన్న దగ్గర నుంచి కార్డు వచ్చింది, ఒకటే వాక్యం: "మీ అమ్మ అన్నం తినడం లేదు." తర్వాత తెలిసింది, ఆమె గుడిలో ముందు చాప మీద కూర్చోవడం మానేసిందని. వెనక స్తంభం పక్కకు వెళ్లిపోయిందట. ఎవరూ వెళ్లమనలేదు. తనంతట తానే.

మరుసటి ఏడు, 1963లో, హెచ్‌ఎమ్‌టీ గడియారాల కర్మాగారంలో చేరాను. జపాను సిటిజన్ కంపెనీ వాళ్ల సాయంతో 1961లో జాలహళ్లిలో పెట్టారు అది. గడియారమే లేని ఊళ్లో పుట్టి గడియారాలు చేసే పనిలో పడ్డాను. కంటికి అద్దం, చేతిలో చిమటా, ముందు తెల్ల కాగితం. వెంట్రుక కంటే సన్నటి హెయిర్‌స్ప్రింగు, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. నేను చివరి ఇరవై ఏళ్లు టైమింగు బల్ల దగ్గర చేశాను. జనతా గడియారం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని మిషను మీద పెడితే కాగితం మీద చుక్కల గీత పడుతుంది. గీత నిటారుగా పోతే మంచి గడియారం, ఒక పక్కకు వాలితే ఉరుకుతోంది, రెండో పక్కకు వాలితే వెనకబడుతోంది. కానీ ఒక్కసారి చూసి వదలకూడదు. ముఖం పైకి పెట్టి చూడాలి, బోర్లా పెట్టి చూడాలి, నిలబెట్టి చూడాలి. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు బంగారంలా నడిచేది, చేతికి కట్టుకుంటే తప్పుతుంది కొన్ని సార్లు. మనిషి చెయ్యి ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండదు కదా. నువ్వడిగినదానికి నాకు తెలిసిన జవాబులో సగం ఇదే. నీ కోరిక ధ్యానకూటానికి వెళ్లి వచ్చిన వారం ఎట్లా కొట్టుకుంటోంది, ఆఫీసులో తిట్లు తిన్న రోజు ఎట్లా కొట్టుకుంటోంది, జ్వరంతో పడుకున్నప్పుడు, స్నేహితురాలి పెళ్లికి వెళ్లి వచ్చిన రాత్రి. అన్ని చోట్లా గీత నిటారుగా పడుతోందా లేదా, చూసుకో.

మీ నాన్నమ్మ అక్కడే, అసెంబ్లీ బల్ల దగ్గర. కోలారు బంగారు గనుల ఊరి పిల్ల. తెలుగు, తమిళం కలిపి మాట్లాడేది. తండ్రి జబ్బుతో పోయాడు. కింద నలుగురు. ఆమె కూడా మఠానికి వెళ్లాలనుకున్నదే. ఆ నలుగురి కంచాలు చూసి పనిలో చేరింది. విచారణలో పెద్దాయన ఒకరు మా ఇద్దరి మాట కదిపారు. పెళ్లికి ముందు ఒకే ఒకసారి మాట్లాడుకున్నాం, గుడి మెట్ల మీద. "మీకు సెమినరీ మీద బెంగ ఉందా" అని అడిగింది. ఉందన్నాను. "నాకూ మఠం మీద ఉంది. ఇద్దరు బెంగగాళ్లు ఒక ఇంట్లో ఉంటే పిల్లలు ఏమైపోతారు? ఆర్నెల్లు ఆగి, అప్పుడూ మీకు ఇదే అనిపిస్తే చెప్పండి" అంది. ముసలి స్వామి చెప్పిన మాటే ఆమె తన భాషలో చెప్పింది. ఆగాం. 1967లో పెళ్లయింది.

గమనించావా, మఠానికి పోయేవాళ్లను శ్రీసభ ఎంత నిదానంగా తీసుకుంటుందో? ముందు కొన్నాళ్లు చూడటం, తర్వాత కనీసం ఏడాది నవశిష్యరికం, ఆ తర్వాత కనీసం మూడేళ్లు తాత్కాలిక మాటపట్టు, అప్పటికి గానీ శాశ్వత వ్రతాలు లేవు. పెళ్లికి మూడు ఆదివారాల చాటింపులే. అందుకని సంసారుల నవశిష్యరికమంతా పెళ్లి అయ్యాకే జరుగుతుంది, అదీ పిల్లల ఏడుపుల మధ్య. 1964లో వాటికన్ మహాసభ పెద్ద పత్రం ఒకటి ఇచ్చింది, శ్రీసభ గురించి. అందులో ఐదో అధ్యాయం మొత్తం ఒకటే సంగతి: పరిశుద్ధత గురువులకూ కన్యలకూ మాత్రమే కాదు, ప్రతి ఒక్కరికీ, పెళ్లయినవాళ్లకు వాళ్ల దారిలోనే. కుటుంబాన్ని గృహ శ్రీసభ అన్నది కూడా ఆ పత్రమే. నేను దాన్ని చాలా ఆలస్యంగా చదివాను. మీ నాన్నమ్మ చదవనే లేదు. కానీ పొయ్యి పక్కన ఆమె పెట్టిన డాల్డా డబ్బా ఉంది చూడు, ఎసట్లో బియ్యం పోసే ముందు రోజూ ఒక పిడికెడు తీసి అందులో వేసేది. మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పాత అలవాటే అది. శనివారం ఆ డబ్బా మా సందు చివర ఒంటరి ముసలమ్మ ఇంటికి వెళ్లేది. నెలాఖరులో మా బియ్యమే తక్కువైన రోజులు ఉన్నాయి, రేషను క్యూలో నిలబడిన రోజులు. అప్పుడు పిడికిలి చిన్నదైంది, మానలేదు. ఆమె పోయిన మూడో రోజున వంటింట్లోకి వెళ్లాను. డబ్బాలో సగం దాకా బియ్యం ఉన్నాయి.

ఆ మట్ట తిప్పు, అటు కాలడం లేదు.

మా అమ్మ సంగతి చెప్పాలి. పదకొండేళ్లు ఆమె బెంగుళూరు రాలేదు. నేను ఊరికి వెళితే అన్నం పెట్టేది, తల నిమిరేది, మాట్లాడేది కాదు. మా నాన్న పోయాక 1973లో నాతో వచ్చింది. ఒక గురువారం మీ నాన్నమ్మ ఆమెను వివేక్‌నగర్ గుడికి తీసుకెళ్లింది. ఇప్పుడున్న పెద్ద దేవాలయం అప్పుడు లేదు, కానీ జనం అప్పటికే రావడం మొదలైంది. మా అమ్మ అక్కడ బాల యేసు స్వరూపం చూసి ఆగిపోయింది. మా ఊరి గుడి దేవుడే ఈ కన్నడ ఊళ్లో ఆమె ముందు నిలబడ్డాడు. అక్కడే కూలబడి ఏడ్చింది. అక్కడికి పూజకు వచ్చిన తెలుగు స్వామి ఒకరు దగ్గర కూర్చుని అడిగితే, పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పని భయం బయటపెట్టింది. మొక్కు తీరలేదు, దేవుడికి ఇస్తానన్న బిడ్డను ఇవ్వలేదు, అందుకే మొగుడు పోయాడేమో, రేపు ఈ మనవలకు ఏమవుతుందో, అని.

ఆ స్వామి ఆమెకు చెప్పింది మీ నాన్నమ్మ నాకు ఇంటికి వచ్చి చెప్పింది. శ్రీసభ చట్టంలోనే ఉందట, మొక్కు మొక్కినవాళ్లను మాత్రమే కట్టి ఉంచుతుంది, ఇంకొకర్ని కట్టదు. తల్లి అయినా సరే, కొడుకు జీవితాన్ని అతని తరఫున దేవుడికి రాసివ్వలేదు. నీ బిడ్డ కోసం ప్రార్థించే హక్కు నీకుంది, అతని తరఫున సరే అనే హక్కు లేదమ్మా, దేవుడు కూడా మరియమ్మను అడిగాకే కదా కుమారుణ్ణి పంపాడు, అన్నాడట.

ఆ రాత్రి అమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. "నిన్ను అడక్కుండా మొక్కాను నాయనా" అంది. అంతే. నేను ఆమె పాదాలు పట్టుకున్నాను. తర్వాత మూడు నెలలు మాతో ఉంది. మా ఇంట్లో జపమాల ఆమే నడిపించేది. చివరి ప్రార్థన మార్చింది: "ఈ పిల్లలకు నువ్వేం చెబుతావో అది వినే చెవులు ఇవ్వు తండ్రీ."

ఇంత జరిగాక, ఇంత తెలిశాక, నేనేం చేశానో చెప్పనా? ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

మీ అత్తయ్య ఇరవై ఒకటో ఏట, 1989లో, మఠానికి వెళతానంది. మీ నాన్నకు అప్పుడు పదిహేను. ఆమె చదువులో చురుకు, బ్యాంకు పరీక్ష రాసింది. తను ఒక సభ సిస్టర్లకు రాసిన దరఖాస్తు ఉత్తరం నా చేతికిచ్చి, "ఫ్యాక్టరీ దగ్గర పోస్టు డబ్బాలో వెయ్యి నాన్నా" అంది. వెయ్యలేదు. నా పనిముట్ల డబ్బాలో, చిమటాల కింద పెట్టుకున్నాను. ఆమె రోజూ సాయంత్రం జవాబు వచ్చిందా అని గేటు వంక చూసేది. నేను కాఫీ తాగుతూ చూసేవాణ్ణి. అమ్మ నన్ను ముందుకు తోసింది, నేను కూతుర్ని వెనక్కి లాగాను, రెండూ ఒకటే పాపం అని అప్పుడు తోచలేదు. ఆమె మంచికే అనుకున్నాను. ఆమె వెళితే జపమాలలో రెండో గొంతు ఎవరిది అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆమె లేని ఇల్లు నేను భరించలేను అనుకున్నాను.

మీ నాన్నమ్మకు ఎట్లా తెలిసిందో! నా డబ్బా తుడుస్తూ చూసి ఉంటుంది. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి పునీత చిన్న తెరేజమ్మ జీవిత చరిత్ర తీసి నా మంచం మీద తెరిచి పెట్టింది. తెరేజమ్మ తండ్రి లూయీ మార్టిన్, నాలాగే గడియారాల పనివాడు, ఫ్రాన్సులో అలాంసోన్ అనే ఊళ్లో. యువకుడిగా ఉన్నప్పుడు ఆల్ప్స్ కొండల్లో మఠానికి వెళితే లాటిను రాదని చేర్చుకోలేదు. భార్య జేలీ, లేసు అల్లే మనిషి, ఆమె కూడా మఠానికి వెళితే కాదన్నారు. 1858లో పెళ్లి. తొమ్మిది మంది పిల్లలు, నలుగురు చిన్నప్పుడే పోయారు, మిగిలిన ఐదుగురు ఆడపిల్లలూ మఠానికే. జేలీ రొమ్ము క్యాన్సరుతో 1877లో పోయింది. పదేళ్ల తర్వాత ఒక పెంతెకోస్తు పండగ సాయంత్రం చిన్న కూతురు తెరేజ, పద్నాలుగేళ్లది, తోటలో తండ్రి పక్కన కూర్చుని కార్మెల్ మఠానికి వెళతానంది. ఇద్దరూ ఏడ్చారు. ఆయన లేచి గోడ వారగా ఉన్న చిన్న తెల్లపువ్వు మొక్కను తీసి ఆమెకిచ్చాడు. తెంపి ఇవ్వలేదు. వేళ్లతో సహా వచ్చింది అది. ఆమె దాన్ని దాచుకుంది.

ఆ వేళ్ల దగ్గర చదవడం ఆపేశాను. మళ్లీ చదివాను. నాకు లాటిను వచ్చు, ఆయనకు రాదు. ఆయన వేళ్లతో ఇచ్చాడు. నేను ఉత్తరం కూడా ఇవ్వలేదు.

తెల్లారి మీ అత్తయ్యను పెరట్లోకి పిలిచి ఉత్తరం చేతిలో పెట్టాను. నలిగి, నూనె మరక అయి ఉంది. చాలాసేపు దాని వంకే చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. "కొత్త కవరు కొనివ్వు నాన్నా" అంది. ఇద్దరం కలిసి వెళ్లి వేశాం. ముప్పై ఏళ్లు దాటాయి ఆమె మఠంలో, కుష్ఠురోగుల దగ్గర, బడిపిల్లల దగ్గర, ఇప్పుడు ముసలి సిస్టర్లకు వండి పెడుతోంది. ఏటా క్రిస్మసుకు ఫోను చేస్తే నవ్వుతూనే మాట్లాడుతుంది. ఆ నవ్వు నాకు నిటారు గీతలా వినిపిస్తుంది.

ఆ మార్టిన్ దంపతుల్ని 2015 అక్టోబరు 18న పాపుగారు పునీతులుగా ప్రకటించారు, భార్యాభర్తల్ని కలిపి ఒక్కసారే. మీ నాన్నమ్మ మంచం మీద ఉంది అప్పటికి. టీవీలో చూపించాను. "ఇద్దర్నీ ఒకే పటంలో పెట్టారా" అని అడిగింది. పెట్టారన్నాను. సంతోషపడింది.

2022లో మన పూల ఆంతోని గారు తెలుగువాళ్లలో మొట్టమొదటి కార్డినల్ అయినప్పుడు ఈ వీధిలో అందరికీ మిఠాయి పంచాను. పేదరికంతో ఏడో తరగతి దగ్గర చదువు ఆగిపోయిన పిల్లవాడు ఆయన, మిషనరీల సాయంతో మళ్లీ చదివాడు. అప్పుడు ఆ ఇంటివంక చూసి ఇక్కడి నుంచే కార్డినల్ వస్తాడని ఎవరనుకుని ఉంటారు? అందుకే తల్లీ, నీ సంగతి నేను ముందే చెప్పను. నువ్వు మఠానికి పోవచ్చు, ఒక మంచివాణ్ణి చేసుకుని ఈ డాల్డా డబ్బా తీసుకుపోవచ్చు. ఏడాది ఆగు. పూజకు మానకు. ఒక మంచి గురువు దగ్గర దాపరికం లేకుండా మాట్లాడు. ఆ సిస్టర్ల ఇంటికి వెళ్లి పండగ రోజున కాదు, బట్టలుతికే రోజున ఉండి చూడు. మీ నాన్న దగ్గర కోపం పెట్టుకోకు. వాడి మౌనం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు, అది నా దగ్గర నుంచే వచ్చింది.

ఏమిట్రా? గట్టిగా చెప్పు, ఈ చెవికి సరిగా వినపడదు.

అక్కయ్య ఉత్తరమా? ఎన్నాళ్లు నా దగ్గర ఉంచుకున్నానా?

ముప్పై ఎనిమిది రోజులురా.

లోపల అల్మారాలో పైన ఉంది జపమాల, తీసుకురామ్మా. ఇవాళ శుక్రవారం, దుఃఖ దేవరహస్యాలు. మొదటిది మీ నాన్న చెబుతాడు.